మేనేజర్ వారసత్వం: అపోహలు, వాస్తవాలు

2024 జనవరి 26న యుర్గెన్ క్లాప్ ఆ సీజన్ ముగియగానే లివర్‌పూల్‌ను విడిచి వెళ్తున్నానని ప్రకటించాడు. అప్పటి నుంచి అభిమానుల నోట ఎక్కువగా వినిపించిన పేరు షాబి అలోన్సో. కారణాలు బలమైనవే. 2005లో ఇస్తాంబుల్‌లో యూరప్ విజేతగా నిలిచిన లివర్‌పూల్ జట్టులో అతనున్నాడు, ఆ ఫైనల్లో గోల్ కూడా కొట్టాడు. పైగా ఆ సీజన్లోనే బేయర్ లెవర్కుసెన్‌ను బుండెస్‌లిగాలో ఓటమి లేకుండా నడిపిస్తున్నాడు. మార్చి చివర్లో అతను లెవర్కుసెన్‌లోనే ఉంటానని చెప్పేసరికి చాలామంది నీరసించిపోయారు. చివరికి ఫెయెనూర్డ్ నుంచి ఆర్నె స్లాట్ వచ్చాడు. నెదర్లాండ్స్‌లో గెలవడం వేరు, ఇంగ్లండ్‌లో గెలవడం వేరని సందేహించినవారు తక్కువేమీ కాదు. ఏడాది తిరక్కుండానే, ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే, లివర్‌పూల్ 20వ లీగ్ టైటిల్ గెలిచింది. అభిమానుల చర్చను తీసిపారేయడానికి ఈ సంగతి ఎత్తలేదు. ప్రేమ లేనిచోట అంత చర్చ పుట్టదు. కానీ ఆ చర్చ ప్రతిసారీ కొన్ని నమ్మకాల చుట్టూనే తిరుగుతుంది, యాభై ఏళ్ల చరిత్ర వాటికి సాక్ష్యం చెప్పడం లేదు. వచ్చేవాడి పేరు కన్నా, అతని చేతికి క్లబ్ ఏ స్థితిలో అందింది, వెళ్లేవాడితో పాటు ఇంకా ఎవరెవరు వెళ్లిపోయారు అన్నవే ఎక్కువసార్లు ఫలితాన్ని నిర్ణయించాయి.

మహా మేనేజర్ తర్వాత వచ్చే మొదటివాడు బలి కావాల్సిందేనన్నది వీటిలో బాగా పాతుకుపోయిన నమ్మకం. దీన్ని పరీక్షించడానికి 1974 జులై కన్నా మంచి సందర్భం దొరకదు. ఆ నెలలో ఇంగ్లండ్‌లోని రెండు అగ్రశ్రేణి క్లబ్బులు తమ నిర్మాతలను కోల్పోయాయి. అంతకుముందు సీజన్లో రెండో స్థానంలో నిలిచిన లివర్‌పూల్ నుంచి బిల్ షాంక్లీ తప్పుకున్నాడు. లీగ్ విజేత లీడ్స్ యునైటెడ్‌ను వదిలి డాన్ రెవీ ఇంగ్లండ్ జాతీయ జట్టుకు వెళ్లాడు. లీడ్స్ ఎంచుకున్నది బ్రయాన్ క్లఫ్‌ను. చిన్న పట్టణపు డర్బీ కౌంటీని 1972లో లీగ్ విజేతగా నిలిపిన ప్రతిభావంతుడు, దేశమంతా తెలిసిన పేరు. లివర్‌పూల్ మాత్రం షాంక్లీ దగ్గర ఏళ్ల తరబడి సహాయకుడిగా పనిచేసిన బాబ్ పేస్లీని కూర్చోబెట్టింది. నలుగురిలో మాట్లాడాలంటేనే ఇబ్బంది పడే మనిషి, ఆ ఉద్యోగం కోరుకున్నవాడు కూడా కాదు. క్లఫ్ లీడ్స్‌లో ఉన్నది 44 రోజులు. పేస్లీ తొమ్మిది సీజన్లు ఉండి ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. షాంక్లీకి యూరోపియన్ కప్ ఒక్కసారి కూడా దక్కలేదు.

క్లఫ్‌కు సత్తా లేదని ఎవరూ అనలేరు. తర్వాత అతనే నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ను 1978లో లీగ్ విజేతగా, 1979, 1980లలో యూరప్ విజేతగా నిలిపాడు. లీడ్స్ ఆటగాళ్లు పనికిరానివారూ కాదు. క్లఫ్ వెళ్లాక జిమ్మీ ఆర్మ్‌ఫీల్డ్ చేతిలో దాదాపు అదే జట్టు 1975 యూరోపియన్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. మనిషి మంచివాడే, జట్టూ మంచిదే, కుదరనిది ఆ రెండింటి కలయిక. లీడ్స్ ఆటతీరును అంతకుముందు ఏళ్ల తరబడి బహిరంగంగా దుయ్యబట్టినవాడినే తెచ్చి ఆ ఆటగాళ్ల మీద పెట్టారు. అతని కుడిభుజం పీటర్ టేలర్ బ్రైటన్‌లోనే ఉండిపోయాడు. ఫారెస్ట్‌లో క్లఫ్ గెలుపుల బాట పట్టింది టేలర్ వచ్చి చేరాకే. అదే సమయంలో లివర్‌పూల్‌లో మారింది మేనేజర్ ఒక్కడే. శిక్షకులు వాళ్లే, సాధన పద్ధతి అదే, కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే కళ్లూ అవే. ఆ కొనసాగింపు ఎంత గట్టిదంటే, 1983లో పేస్లీ దిగిపోయాక వచ్చిన జో ఫాగన్ తొలి సీజన్లోనే లీగ్‌తో పాటు లీగ్ కప్, యూరోపియన్ కప్ గెలిచాడు. అతని తర్వాతివాడు కెన్నీ డాల్‌గ్లిష్ మొదటి ఏడాదే లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచాడు. వరుసగా ముగ్గురు వారసులు, ముగ్గురూ విజేతలే.

వెళ్లే మేనేజర్ మాటే శిరోధార్యం అన్నది రెండో నమ్మకం. పెద్దల మాట చద్దిమూట అనే మనకు ఇది సహజంగానే నచ్చుతుంది. 2013లో అలెక్స్ ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్‌కు డేవిడ్ మోయెస్‌ను తానే సూచించాడు. క్లబ్ ఆరేళ్ల ఒప్పందం ఇచ్చింది. పది నెలల్లో మోయెస్‌ను పంపించేశారు, జట్టు ఏడో స్థానంలో ఆగిపోయింది. నింద మొత్తం మోయెస్ మీదే పడింది. కానీ అతనికి అందినదేమిటో చూడండి. అంతకుముందు ఏడాది 11 పాయింట్ల ఆధిక్యంతో లీగ్ గెలిచిన జట్టే, నిజం. కానీ రక్షణ వరుసలోని ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా ముగ్గురూ ముప్పై దాటినవారు, గిగ్స్ నలభైకి దగ్గరపడ్డాడు, స్కోల్స్ అప్పుడే రిటైరయ్యాడు. ఆటగాళ్ల కొనుగోళ్లు నడిపించిన డేవిడ్ గిల్ కూడా అదే వేసవిలో పదవి వదిలాడు. ఆపైన మోయెస్ స్వయంగా పాత శిక్షకులను తప్పించి తనవాళ్లను తెచ్చుకున్నాడు. అది అతని సొంత తప్పే. 26 ఏళ్లకు పైగా క్లబ్‌ను నడిపిన మనిషి, అతనికి ఆటగాళ్లను తెచ్చిన అధికారి, రోజూ మైదానంలో పని చేయించిన శిక్షకులు, అందరూ ఒకే వేసవిలో మాయమయ్యారు. ఏ కొత్త మేనేజర్ దాన్ని నిలబెట్టగలడు? ఫెర్గూసన్ తీర్పులో లోపం ఉందని నేననను. ఆ జట్టు అతని చేతిలో ఉన్నంతకాలమే నిలిచే జట్టు. ఆ సంగతి లోపల ఉన్నవాడికి కనిపించడం చాలా కష్టం.

అప్పుడే పెద్ద పేరున్నవాడిని తెచ్చి ఉంటే సరిపోయేదంటారు. తర్వాత తెచ్చారు కదా. లూయీ వాన్ గాల్, ఆపైన జోసె మౌరినో వచ్చారు, డబ్బు వరదలా పారింది, కప్పులు కొన్ని వచ్చాయి. లీగ్ టైటిల్ మాత్రం 2013 తర్వాత ఆ గడప తొక్కలేదు.

మన క్లబ్ ఆత్మ తెలిసిన పాత ఆటగాడే రావాలన్న మాటలో మమకారం ఉంది, అందుకే దాన్ని కాదనడం కష్టం. దానికి డాల్‌గ్లిష్, గ్వార్డియోలా సాక్షులుగా నిలుస్తారు. కానీ 2008లో గ్వార్డియోలాకు అవకాశం వచ్చింది ఒకప్పటి బార్సిలోనా ఆటగాడు కావడం వల్లే కాదు. అప్పటికే అతను ఆ క్లబ్ బి జట్టుకు ఏడాది శిక్షణ ఇచ్చి, అక్కడి పద్ధతిని చేతల్లో చూపించాడు. 2012లో అతను వెళ్లినప్పుడు సహాయకుడు టీటో విలనోవా బాధ్యత తీసుకుని 100 పాయింట్లతో లా లిగా గెలిచాడు. మరోవైపు లివర్‌పూల్ ఆరాధించిన గ్రేమ్ సూనెస్ 1991లో మేనేజర్‌గా తిరిగొచ్చి ఒక ఎఫ్ఏ కప్ తప్ప లీగ్‌లో పైకి రాలేక 1994లో వెళ్లిపోయాడు. 2020లో యువెంటస్ ఏ సీనియర్ జట్టుకూ ఒక్క మ్యాచ్ శిక్షణ ఇవ్వని ఆండ్రియా పిర్లోకు పగ్గాలిచ్చింది. తొమ్మిదేళ్లుగా వరుసగా గెలుస్తున్న లీగ్ చేజారి నాలుగో స్థానం మిగిలింది. పాత జెర్సీ స్వాగతాన్ని తెచ్చిపెడుతుంది, పనితనాన్ని కాదు. వెళ్లినవాడిలాంటి స్వభావమే కావాలన్న మాటకూ ఇదే సమాధానం. మాటలతో జనాన్ని ఊపేసిన షాంక్లీ స్థానంలో మితభాషి పేస్లీ, భావోద్వేగాల క్లాప్ స్థానంలో నెమ్మదైన స్లాట్ కూర్చుని గెలిచారు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. స్లాట్ గెలిచింది క్లాప్ కట్టిన జట్టుతోనే కదా, రెండో ఏడాది సంగతేమిటి? 2025 వేసవిలో విర్ట్జ్, ఇసాక్ వంటివారి కోసం లివర్‌పూల్ 40 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు పెట్టింది. అదే వేసవిలో రోడ్డు ప్రమాదంలో డియోగో జోటా మరణం ఆ డ్రెస్సింగ్ రూమ్‌ను కుదిపేసింది. నవంబర్ చివరికల్లా 12 మ్యాచ్‌ల వ్యవధిలో జట్టు తొమ్మిది ఓడింది. స్లాట్ అసమర్థుడనడానికి దీన్ని చూపేవారున్నారు. నాకు ఇది అసలు వాదనకే బలమనిపిస్తుంది. అతని మొదటి సీజన్లో కొత్తగా చేరి ఆడింది కియేజా ఒక్కడే, అదీ కొన్ని మ్యాచ్‌లే. చేతికందిన జట్టును చెదరనివ్వకుండా, గ్రావెన్‌బెర్ఖ్‌ను మిడ్‌ఫీల్డ్‌లో వెనక్కి దించడం వంటి చిన్న మార్పులతోనే పని నడిపించాడు. జట్టు ఒక్కసారిగా మారాక అదే మేనేజర్ తడబడ్డాడు.

ఈ పాఠం హైదరాబాద్ అభిమానులకు మరింత చేదుగా తెలుసు. మనోలో మార్కెజ్ నాయకత్వంలో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. మరుసటి సీజన్లో లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. 2023లో ఆయన ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఆ తర్వాత క్లబ్ ఆర్థికంగా కుంగిపోయింది, జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్ మొత్తంలో జట్టు గెలిచింది ఒక్క మ్యాచ్. 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అక్కడ ఏ మహా కోచ్‌ను కూర్చోబెట్టినా ఫలితం మారేది కాదు.

మీరు ప్రేమించే మేనేజర్ వెళ్తున్నప్పుడు చర్చించండి, పేర్లూ చెప్పండి. కానీ యాజమాన్యాన్ని ముందు ఈ మూడు అడగండి: కొత్తవాడిని ఎంచుకుంటున్నది ఎవరు, జట్టులో ముప్పై దాటినవారి స్థానాలకు ఎవరిని సిద్ధం చేశారు, శిక్షకుల్లో ఎవరు ఉంటున్నారు, ఎవరు వెళ్తున్నారు? వీటికి సూటిగా జవాబు చెప్పలేని యాజమాన్యం ఎంత పెద్ద పేరును తెచ్చినా నమ్మకండి.