మంచు లేని కొండ కావాలా?

మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో డిసెంబర్ సెలవులకి కేదార్‌కంఠ ట్రెక్ అని పోల్ పెట్టారు. పదకొండు మందిలో తొమ్మిది మంది ఎస్ కొట్టారు. నో కొట్టిన ఇద్దరిలో నేనొకణ్ణి. "నెల్లూరోడివి కదా, చలికి భయమా?" అని ఒకటే ఏడిపించడం. నా భయం చలికి కాదు, కాళ్ళ కింద గట్టిపడే మంచుకి.

ప్యాకేజీ పేజీలో 'మోడరేట్' అని చూసి చాలామంది మోసపోతారు. ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నదానికే ఎక్కువగా ఆ మాట వర్తిస్తుంది. కాలు ఎక్కడ పెడుతున్నామో అది చెప్పదు. చిన్న లెక్క చేద్దాం. ప్రతి వెయ్యి మీటర్లకీ వేడి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. డెహ్రాడూన్ సుమారు 640 మీటర్ల ఎత్తులో ఉంది, కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్లు. డిసెంబర్ మధ్యాహ్నం కింద 20 డిగ్రీలుంటే పైన సున్నా. అది కూడా మధ్యాహ్నం! పగలు కాస్త కరిగిన మంచు రాత్రికి మళ్ళీ గడ్డకట్టి గాజులా తయారవుతుంది. శిఖరానికి మనం బయల్దేరేదేమో తెల్లవారకముందు. పైగా ఎండ తక్కువ పడే ఉత్తరం వైపు వాలులో మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

కాబట్టి ముందు నెల చూడండి, ఆ తర్వాతే కొండ. హిమాలయాలే కావాలంటే వర్షాలు వెళ్ళాక, సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ లోపు, మూడు వేల మీటర్ల చుట్టుపక్కల ఉన్నవి చూసుకోండి: నాగ్ టిబ్బా, ధర్మశాల దగ్గర త్రియుండ్. డిసెంబరే కుదురుతుందంటే దక్షిణానికి రండి. కొడగులో తడియాండమోల్ 1,748 మీటర్లు, అక్కడ మంచు గడ్డల మాటే లేదు. టైమ్ అంచనాకి 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన సూత్రం ఉంది: అయిదు కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. పది కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే మూడున్నర గంటలు. మన బ్యాచ్‌కి అందులో సగం కలపండి, సెల్ఫీలకి వేరే.

ఇక మా వైపు కొండ. మాది కొండాపురం, దగ్గర్లోనే ఉదయగిరి దుర్గం, 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని 1513లో కృష్ణదేవరాయలు ముట్టడిస్తే, దక్కించుకోడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. ఇంత చరిత్ర పక్కనే పెట్టుకుని నేను మొదటిసారి ఎక్కింది ఇంటర్ అయిపోయాక.

అదీ మే నెలలో. నేను, మా పెదనాన్న కొడుకు, ఇద్దరికీ కలిపి ఒకటే రెండు లీటర్ల బాటిల్. సగం దూరంలోనే నీళ్ళు అయిపోయాయి. కాసేపటికి అన్నకి తల తిరిగింది, మాట తడబడింది, ఒళ్ళు కాలిపోతోంది గానీ చెమట లేదు. అది వడదెబ్బ అని కూడా నాకు తెలీదు. చెక్క గరిటెలు చేసేవాళ్ళ కోసం కొండ మీద కర్ర కొట్టే పెద్దాయన ఒకరు ఎదురొచ్చారు. అన్నని నీడకి లాగి, తన నీళ్ళతో తుండు తడిపి మెడకీ చంకలకీ పెట్టారు. "ఈ టైంలో మేమే దిగిపోతామయ్యా, మీరు ఎక్కేది ఏంది?" అని తిట్టారు. అన్న లేచి నిలబడేసరికి గంట పైనే పట్టింది. దిగి ఆస్పత్రికి తీసుకెళ్తే సెలైన్ ఎక్కించారు.

మంచు లేని కొండంటే తేలిక కొండ అనుకున్నాను, అదీ నా తప్పు. మా దగ్గర ఇంకో తిరకాసు: నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో. హిమాలయాలకి మంచిదైన అక్టోబర్ మాకు బండలు జారే నెల. డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు బాగుంటుంది. మనిషికి కనీసం మూడు లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ, దారి తెలిసిన ఊరివాళ్ళు ఒకరు. తెల్లవారుజామునే ఎక్కడం మొదలుపెట్టి పదకొండు లోపు కిందికి రావాలి.

ఇదంతా గ్రూపులో టైప్ చేశాక పోల్ మళ్ళీ పెట్టారు. కేదార్‌కంఠ ఆరు, దుర్గం అయిదు. అయిదుగురికి మా ఇంట్లో చోటుంది, అమ్మకి చెప్పేశాను.