సైకిల్ చక్రం ఊగితే



మీ ఇంట్ల సైకిల్ ఉన్నదా? ముందు చక్రాన్ని కొంచెం పైకి లేపి తిప్పండి. చెవి పెట్టి వినండి. మంచి చక్రం చప్పుడు చెయ్యదు. కరకరమంటే లోపల ఏదో అరిగింది.

మా ఊరి నుండి హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె సైకిల్ మీద పోయేది. నెల దినాల నుండి చక్రం కరకరమంటున్నది. ఎవరూ పట్టించుకోలేదు. ఒకనాడు వాగు దగ్గర చక్రం పట్టేసింది. పిల్ల పడ్డది. మోచేయి చీరుకపోయింది. పది రోజులు బడి మానింది. షాపుల విప్పి చూస్తే లోపల రెండు గోళీలు పగిలి ఉన్నయి. చక్రం నడిమి గొట్టమే మార్చవలసి వచ్చింది. నెల కింద చూసుకుంటే కొత్త గోళీలతో పోయేది.

గోళీలు ఏమిటి? ఎడ్లబండి ఇరుసు మీకు తెలుసు. ఆముదంలో గడ్డి మసి కలిపి దానికి కందెన పెట్టేవారు. కందెన ఎండితే బండి కీచుమంటది, ఎడ్లకు బరువైతది. సైకిల్ చక్రానికి కూడా సన్నటి ఇరుసు ఉంటది. కాని చక్రం నేరుగా ఇరుసు మీద తిరగదు. నడుమ చిన్న ఉక్కు గోళీలు ఉంటయి. షాపుల్ల వీటిని బాల్సు అంటరు, ఛర్రాలు అని కూడా అంటరు. పెద్ద రాయిని ఈడ్వాలంటే కష్టం. కింద గుండ్రటి దుంగలు వేసి దొర్లిస్తే తేలిక. గోళీల పని అదే.

చక్రం నడిమి గొట్టాన్ని హబ్బు అంటరు. దానికి రెండు దిక్కులా చిన్న గిన్నె వంటి చోటు ఉంటది. గోళీలు అందులో దొర్లుతయి. అవి బయటికి రాకుండా ఇరుసు మీద బిగించే మరను కోను అంటరు. గోళీల చుట్టూ గ్రీజు ఉండాలె. అదే సైకిల్‌కు కందెన.

మరి ఎందుకు అరుగుతయి? ఆదిలాబాద్ దిక్కు వానాకాలంలో నల్లరేగడి బురద, వాగులు. హబ్బు మునిగేదాకా సైకిల్‌ను నీళ్ళల్ల నడిపిస్తం. నీళ్ళు, ఇసుక లోపలికి పోతయి. గ్రీజు కొట్టుకపోతది. ఇసుక, తుప్పు కలిసి గోళీలను సానరాయి తీరు అరగదీస్తయి. ఇంకో కారణం మనం చేసేదే. చక్రం ఊగుతున్నదని కోనును బలంగా బిగిస్తం. అప్పుడు గోళీలు దొర్లవు, రుద్దుకుంటయి.

ఇప్పుడు పరీక్ష. చక్రం పై అంచును పట్టుకొని కుడికి, ఎడమకు ఊపండి. టకటక కొట్టుకుంటే హబ్బులో వదులు ఉన్నట్టు. చక్రాన్ని సగం తిప్పి మళ్ళీ ఊపండి. ఎక్కడ పట్టుకున్నా ఊగితే తప్పు హబ్బుదే. ఊపితే వదులు లేదు, తిప్పితే మాత్రం ఒక్కచోటనే బ్రేకుకు తగులుతున్నది, అట్లుంటే అది రిమ్ము వంకర. దానికి గోళీలు మార్చి లాభం లేదు. ఈ తేడా తెలిస్తే షాపుల మోసపోము.

చప్పుడు లేదు, వదులు మాత్రమే ఉన్నదంటే కోనును కొద్దిగా బిగిస్తే చాలు. కరకరమంటే విప్పాలె.

పానా పట్టుడు మగవాళ్ళ పని అనుకోకండి. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉన్నది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలోనే ఆడవాళ్ళకు సైకిల్ తొక్కుడు నేర్పిన్రు. షీలారాణి చుంకత్ అనే ఆమె అప్పుడు కలెక్టరు. వేలమంది నేర్చుకున్నరు. తొక్కుడు వచ్చినంక విప్పుడు ఎంత?

మొదట ముందు చక్రంతో మొదలు పెట్టండి. వెనుక చక్రానికి చైను, ఫ్రీవీలు ఉంటయి. అది చెయ్యి తిరిగినంక చెయ్యవచ్చు. కింద సంచి పరిచి సైకిల్‌ను తలకిందులు చెయ్యండి. రెండు నట్లు వదులు చేసి చక్రం తియ్యండి. చక్రం కింద తాంబాళం పెట్టండి, లేకుంటే గోళీలు దుమ్ముల కలుస్తయి. కోను విప్పడానికి సన్నటి పానా కావాలె. కొన్ని సైకిళ్ళకు కోను మీద ఇంకో నట్టు ఉంటది, ముందు అది తియ్యాలె. విప్పుకుంట ఒక్కొక్క సామాను వరుసగా పెట్టండి. బిగించేటప్పుడు వెనుక నుండి ముందుకు రండి.

ఒక్కొక్క దిక్కు ఎన్ని గోళీలు వచ్చినయో లెక్కపెట్టి రాసుకోండి. మామూలు సైకిల్ ముందు చక్రానికి దిక్కుకు 10 ఉంటయి. అన్నిటినీ గుడ్డతో, కిరోసిన్‌తో తుడవండి. పొయ్యి దగ్గర, బీడీ తాగేవారి దగ్గర ఈ పని చెయ్యవద్దు. కోను మీద, గిన్నెలో గోరుతో గీయండి. గోరు గుంటలో తట్టుకుంటే ఆ భాగం మార్చాలె.

షాపుకు పోయేటప్పుడు పాత గోళీ ఒకటి, కోను తీసుకపోండి. ముందు చక్రం గోళీల డబ్బా మీద 3/16 అని ఉంటది. ఒక అంగుళాన్ని 16 భాగాలు చేస్తే అందులో 3 భాగాలు. వెనుక చక్రానివి పెద్దవి, 1/4. దిక్కుకు 9. డబ్బా మీది అంకె మీరే చదవండి. అన్నీ కొత్తవే వెయ్యాలె. పాతవాటిల్ల రెండు కొత్తవి కలిపితే, కొత్తవి కొంచెం పెద్దగ ఉండి బరువంతా వాటి మీదనే పడ్తది.

గిన్నె నిండా గ్రీజు పుయ్యండి. గోళీలు అందులో అంటుకొని నిలుస్తయి. వంటనూనె వెయ్యవద్దు, అది జిగురై దుమ్ము పట్టుకుంటది. అన్నీ పేర్చినంక కొంచెం సందు మిగలాలె, ఇరికించవద్దు. కోనును వేళ్ళతో చివరిదాకా బిగించి, మళ్ళా పావు చుట్టు వెనుకకు తిప్పండి. చక్రం పెట్టి నట్లు గట్టిగ బిగించండి. వదిలిపెడితే గాలి కొట్టే పుల్ల ఉన్న దిక్కు మెల్లగ కిందికి దిగి ఆగాలె. ఊపితే టకటకమనవద్దు. బిగుసుకుంటే కోను కొంచెం వదులు చెయ్యండి. బ్రేకు చూసుకొని వాకిట్ల రెండు చుట్లు తొక్కండి. మర్నాడు నట్లు మళ్ళా చూడండి.

ఆటోకు, కారుకు కూడా చక్రంలో బేరింగు ఉంటది. అది ఇంటి దగ్గర విప్పేది కాదు. కాని చెవితో కనిపెట్టవచ్చు. బండి వేగం పెరిగిన కొద్దీ గూమని మోత పెరిగి, మలుపులో ఆ మోత మారితే బేరింగు మీద అనుమానం పెట్టాలె. పత్తి ఏరబోయే ఆటోల పది మంది ఎక్కుతం. అట్లాంటి మోత వినబడితే డ్రైవరు తమ్మునికి ఆనాడే చెప్పండి. చక్రం లేపి ఊపి చూడుమనండి.