శిశువుల తొలియన్నము – మాంసకృత్తులు



మన యిండ్లలో బిడ్డకు ఆఱవ నెల వచ్చినతోడనే అన్నప్రాశన మను శుభకార్యము జరుపుదురు. పురోహితుడు ముహూర్తము పెట్టును. మేనమామ బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనును. బంగారుటుంగరముతో పరమాన్నమును బిడ్డ నాలుకకు తాకింతురు. పిమ్మట పుస్తకము, కలము, కత్తి, పూలు, బంగారము ముందుంచి, బిడ్డ దేనిని పట్టునో చూచి అందఱును సంతోషింతురు. ఆ దినమున జరుగవలసిన దంతయు యథావిధిగా జరుగును. కాని మఱునాటి యుదయమున ఆ బిడ్డ గిన్నెలో ఏమి వేయవలయును, ఎంత వేయవలయును అని విచారించు పెద్ద యొక్కడైనను ఆ సభలో నుండుట అరుదు. నేటి నా ప్రసంగము ఆ మఱునాటి గిన్నెను గూర్చినది.

ముందుగా నా యపరాధ మొకటి చెప్పుకొనవలసి యున్నది. మా మనుమనికి అన్నప్రాశన జరిగిన పిమ్మట, ఇక నేమి పెట్టవలెనని కోడలు నన్ను అడిగినది. శిశువునకు ఆఱవ నెలలో లఘువును హితమును అగు అన్నము పెట్టవలెనని సుశ్రుతసంహిత చెప్పును. ఆ మాట మనసున నుంచుకొని, ముద్దపప్పు పసికడుపునకు బరువనియు, పప్పుమీద తేరిన తేటను మాత్రమే తీసి, మెత్తని యన్నములో జారుగా కలిపి పట్టుమనియు చెప్పితిని. కోడలు నా మాట జవదాటలేదు. రెండు నెలలు గడచెను. ఆఱు నెలలు నిండినప్పుడు బిడ్డ ఎంత తూగెనో, ఎనిమిది నెలలు నిండినప్పుడును అంతే తూగెను. ఈ వయసున బిడ్డ మాసమునకు సుమారు 300 గ్రాములు పెరుగవలయును.

మా యూరి అంగన్‌వాడీ కార్యకర్త ఒకప్పుడు నా యొద్ద చదువుకొన్నది. ఆమె మా యింటికి వచ్చి, బిడ్డ గిన్నెలోని యన్నమును చెంచాతో తీసి, చెంచాను ప్రక్కకు వంచినది. అన్నము నీరువలె జాఱిపోయినది. "మాస్టారూ, ఇది తాగేదే కాని తినేది కాదండీ. పప్పంతా గిన్నె అడుగునే ఉండిపోయింది" అని మెల్లగా పలికినది. నిజమే. అడుగున నున్న ఆ ముద్దపప్పును ప్రతిదినమును ఆవకాయతో కలుపుకొని తినుచున్నవాడను నేనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లఘు శబ్దమునకు పలుచనిదని యర్థము లేదు. గురువునకు ఎదురు లఘువు. ఆహారవిషయమున సులభముగా జీర్ణమగునది లఘువు. పెసలను మన వైద్యశాస్త్రము లఘువనియే చెప్పుచున్నది. కావున మెత్తగా ఉడికించి మెదిపిన పెసరపప్పు ముద్దగా నున్నను లఘువే. పలుచని నీరు కడుపు నింపును గాని హితము గాదు. వ్యాకరణము తెలిసినవా రెఱుగుదురు, లఘు శబ్దమును లంఘన శబ్దమును ఒకే ధాతువునుండి పుట్టినవి. లఘ్వన్నము పెట్టించుచున్నా ననుకొని నేను నా మనుమనిచేత రెండు నెలలు లంఘనము చేయించితిని.

ఇక విషయమునకు వత్తము. మాంసకృత్తనగా మాంసమును చేయునది. పేరులో మాంస మున్నదని శాకాహారులు వెనుదీయ నక్కఱలేదు. అది పప్పులలోను, పాలలోను, ధాన్యములలోను, గ్రుడ్డులోను, చేపలోను ఉన్నది. ఆంగ్లేయులు దీనిని ప్రోటీను అందురు. 1838లో ముల్డర్ అను డచ్చి రసాయనవేత్త, మొదటిది అను నర్థము గల గ్రీకు శబ్దమునుండి యీ పేరును వ్యాప్తిలోనికి తెచ్చెను. కండయు, చర్మమును, రక్తమును దీనితోనే కట్టబడును. పెద్దలమగు మనకు ఉన్న యింటిని మరమ్మతు చేసికొనిన చాలును. పసిబిడ్డ క్రొత్త యిల్లు కట్టుకొనుచున్నాడు. కట్టుబడికి ఇటుక చాలనియెడల గోడ లేవదు.

ఆఱు నెలలు మొదలు సంవత్సరము వఱకు శిశువునకు దినమునకు సుమారు 10 లేక 11 గ్రాముల మాంసకృత్తులు కావలయును. తల్లిపాలు 100 మిల్లీలీటర్లలో ఇంచుమించు ఒక గ్రాము ఉండును. దినమునకు 600 మిల్లీలీటర్లు త్రాగు బిడ్డకు 6 గ్రాములు ముట్టును. తక్కిన 4, 5 గ్రాములు అన్నమునుండి రావలయును. ఇది పెద్ద మొత్తము గాదు. 25 గ్రాముల బియ్యములో సుమారు 2 గ్రాములును, 10 గ్రాముల పెసరపప్పులో రెండు గ్రాములకు మించియు మాంసకృత్తు లున్నవి. ఈ రెండును కలిపి వండి, నీటిని పాఱబోయక, బిడ్డచేత తినిపించినచో ఆ లోటు తీఱును. అది ఒక్క పూటతో కాకున్నను రెండు పూటలలో నిశ్చయముగా తీఱును. పప్పుమీది తేటలో మాత్రము ఈ సత్తువ మిక్కిలి స్వల్పము.

బియ్యమును పప్పును జతపఱచుటలో ఒక రహస్యము కలదు. మాంసకృత్తులు చిన్నచిన్న యంశముల కూర్పు. బియ్యములో లైసీను అను నంశము కొఱత. పప్పులో అది సమృద్ధి. పప్పులో మిథియోనీను అను నంశము కొఱత. దానిని బియ్యము తీర్చును. కుంటివాడును గ్రుడ్డివాడును ఒకరి కొకరు తోడై ఊరు చేరినట్లు, ఈ రెండును కలిసి బిడ్డ శరీరమునకు పనికివచ్చును. మూడు పాళ్లు బియ్యమునకు ఒక పాలు పప్పు వేసినచో కూర్పు సరిపోవును. మన పులగమున ఈ జత యుండనే యున్నది. దానిని నీరు చేయకుండుటయే మనము చేయవలసిన పని.

పలుచని యన్నము ఏల పనికిరాదో తెలిసికొనవలయును. శిశువు పొట్ట మిక్కిలి చిన్నది. శరీరపు బరువు కిలోకు సుమారు 30 మిల్లీలీటర్ల లెక్కను, ఏడెనిమిది కిలోల బిడ్డ పొట్ట ఇంచుమించు ఒక గ్లాసెడు. దానిని నీటితో నింపినచో సారమునకు చోటుండదు. బిడ్డ కడుపు నిండినదని మొగము త్రిప్పుకొనును. తల్లియు బాగుగా తిన్నాడనుకొనును. కనుక అన్నము చెంచాను వంచినను జాఱిపోనంత చిక్కగా నుండవలయును. ఇంతకంటె సులభమైన పరీక్ష వేఱొకటి లేదు.

ఇందు మఱియొక సూక్ష్మము కలదు. తినెడి యన్నములో వేడిమి నిచ్చు శక్తి చాలనియెడల, శరీరము మాంసకృత్తులను కట్టుబడికి వాడక పొయ్యిలో కట్టెలవలె తగులబెట్టును. ఈ విషయమును స్పష్టముగా చూపిన గౌరవము మన హైదరాబాదునకు దక్కినది. 1918లో మెకారిసన్ దొర కూనూరులో స్థాపించిన పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది. దానికి సంచాలకుడుగా నుండిన డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులును హైదరాబాదు సమీప గ్రామముల బాలురకు దినమునకు సుమారు 300 కేలరీల శక్తిని, 3 గ్రాముల మాంసకృత్తులను మాత్రమే అదనముగా నిచ్చి పదునాలుగు మాసములు పరీక్షించిరి. ఆ బాలురు తక్కినవారికంటె ఎత్తునను బరువునను బాగుగా పెరిగిరి. ఈ ఫలితము 1973లో ప్రకటింపబడెను. కడుపునిండ అన్నమును పప్పును తినినచో మాంసకృత్తుల లోటును చాలవఱకు దానంతట అదియే తీఱునని దీని తాత్పర్యము. కావుననే బిడ్డ గిన్నెలో ప్రతి పూటయు ఒక చిన్నచెంచాడు నెయ్యియో నూనెయో వేయవలయును. అన్నమునకు నెయ్యి రుచికొఱకే గాదు, పప్పును కాపాడుటకు కూడ.

ఈ కొఱత ముదిరిన నేమగునో దూరదేశపు కథ యొకటి చెప్పును. ఇప్పుడు ఘానా యనబడు ఆఫ్రికా దేశభాగములో, డాక్టరు సిసిలీ విలియమ్స్ అను నామె 1933లో ఒక శిశురోగమును వర్ణించెను. తల్లిపాలు మాని మొక్కజొన్న గంజిమీదనే యున్న పిల్లలకు కాళ్లు వాచుట, చర్మ మూడుట, వెండ్రుకలు రంగు మాఱుట ఆమె చూచెను. అచ్చటి గా భాషలో ఆ రోగమును క్వాషియార్కర్ అందురు. తరువాతి బిడ్డ పుట్టుటచే పాలకు దూరమైన బిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. మాంసకృత్తుల కొఱత యొక్కటియే దానికి కారణము కాదని తరువాతి పరిశోధనలు తెల్పినవి. అయినను పెద్దలు గ్రహింపవలసిన దొకటి కలదు. ఆ వాపును చూచి బిడ్డ బొద్దుగా నున్నాడని మురిసిపోవుట ప్రమాదము. పాదముమీద వ్రేలితో నొక్కిన గుంట పడినచో వెంటనే వైద్యునొద్దకు కొనిపోవలయును.

ఇక చేయవలసిన విధానము. ఆఱు నెలలు నిండిన పిదప రెండు మూడు పెద్దచెంచాలతో ప్రారంభించి, దినమునకు రెండు మూడు మారులు పెట్టి, క్రమముగా ఒక్కొక్క మారు అరకప్పు వఱకు తేవలయును. తొమ్మిదవ నెల దాటినపిమ్మట మూడు నాలుగు మారులు పెట్టవలయును. సంవత్సరము నిండినపిమ్మట ముప్పావు కప్పు మొదలు కప్పు వఱకు పెట్టవచ్చును. తల్లిపాలు రెండేండ్ల వఱకును, ఆపైనను కొనసాగింపవలయును.

మన పూర్వులు ఉగ్గుపొడి చేసికొనెడివారు. బియ్యమును పెసరపప్పును వేఱువేఱుగా దోరగా వేయించి, విసరి, జల్లించి, మూతగల డబ్బాలో నుంచి, పూటపూటకు కొంచెము తీసి కాచెడివారు. అది నేటికిని మంచి పద్ధతి. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పట్టించిన పిండి చిటికెడు, వేడి తగ్గుచున్న చిక్కని జావలో కలిపినచో నీరు పోయకయే జావ మెత్తబడును. మొలకలోని ఒక పదార్థము పిండిని సడలించుటయే దీనికి కారణము. కాచకముందే పొడిలో కలిపినను మంచిదే.

కోడిగ్రుడ్డు తినువారు దానిని ఆఱు నెలలు దాటినపిమ్మట పెట్టవచ్చును. లోపలి సొనయు తెల్లనిభాగమును గట్టిపడునట్లు ఉడికించి, మెదిపి, కొంచెముతో మొదలిడవలయును. ఒక్క గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తు లుండును. చేపను ముల్లు లేకుండ, మాంసమును మెత్తగా నూఱి పెట్టవచ్చును. వీనిలో రక్తమునకు కావలసిన ఇనుమును కలదు. శాకాహారులు పెరుగు, బాగుగా మెదిపిన పప్పు, ఆకుకూర వాడి, ఆకుకూరతో నిమ్మరసపు చుక్క కలుపవలయును. వేరుసెనగలను వేయించి మెత్తని ముద్దగా నూఱి అన్నములో కలుపవచ్చును గాని, గింజను మాత్రము బిడ్డ నోటికి ఈయరాదు. గొంతులో నడ్డుపడి ప్రాణాపాయ మగును. సంవత్సరము నిండువఱకు తల్లిపాలకు మాఱుగా పశువుల పాలు పోయరాదు. ఉప్పు, చక్కెర వలదు. తేనె నాలుకకు రాయు నాచారమును సంవత్సరము వఱకు మానవలయును. పసికడుపునకు అపాయకరమైన సూక్ష్మజీవి బీజములు దానిలో నుండవచ్చును. బజారులో డబ్బాలలో నమ్ము మాంసకృత్తుల పొడులు శిశువులకు అక్కఱలేదు.

బిడ్డకు జ్వరము గాని విరేచనములు గాని పట్టినప్పుడు మనవారు అన్నము మాన్పింతురు. పెద్దలకు లంఘనము మేలు చేయవచ్చును గాని పసివానికి అది కీడు. కొంచెము కొంచెముగా తఱచు పెట్టుచు, తల్లిపాలు మానక, నెమ్మదించినపిమ్మట కొన్ని దినములు ఒక పూట అదనముగా పెట్టవలయును.

చివరకు పెద్దలతో ఒక మాట. అంగన్‌వాడీలలో ఏడవ నెల మొదలు మూడేండ్ల వఱకు గల పిల్లలకు బాలామృత మను పిండి నిత్తురు. అందు గోధుమ, సెనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర గలవు. దానిని ఇంటిల్లిపాదియు టిఫినుగా చేసికొని తినుట నేను కన్నులార చూచితిని. ఆ పొట్లము ఎవరి పేర వచ్చినదో వారి గిన్నెలోనే పడునట్లు చూచుట ఇంటి పెద్ద బాధ్యత. కోడండ్రు మన మాట కాదనలేరు. అందువలననే మన మాట సరిగా నుండవలయును.

మా యింట ఆనాటినుండి ముద్దపప్పులో మొదటి గరిటె మా మనుమనిది. తరువాతి నెల తూకమున ముల్లు కదలినది. మీ యిండ్లలోను ఇకమీద పప్పుగిన్నె అడుగున గరిటె వేసి, మొదట బిడ్డకు పెట్టి, పిమ్మట మీరు కూర్చుండుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.