వికీ ఇల్లు మారింది... అక్షరాలు దారిలో పోయాయి

రోలా (షార్జా): ఆ రోజు రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. సజా పారిశ్రామిక ప్రాంతంలో ఒక లేబర్ క్యాంపు నుంచి నిజామాబాద్ జిల్లా తమ్ముడు ఒకరు మాట్లాడుతున్నారు. ఆయన గదిలో ఉండే మనిషి ఆ సాయంత్రం గుండెపోటుతో ఆస్పత్రిలో చనిపోయారు. శవాన్ని ఊరికి పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఎవరో చెబితే మా సంఘం సైటు తెరిచారట.

"అన్నా, మీ పేజీ తెరిస్తే అంతా క్వశ్చన్ మార్కులే వస్తున్నయ్. ఏం సమజైతలేదు. ఏం జేయాల్నో జర నువ్వే చెప్పు."

చెప్పాల్సిందంతా ఫోన్‌లోనే చెప్పాను. ఆస్పత్రి కాగితం, పోలీసుల పని, మరణ ధ్రువపత్రం, కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు, అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్, కార్గో. ఇదంతా వరుసగా ఆ పేజీలో ఉండాలి. మూడు వారాల కిందటి వరకు ఉంది కూడా. దాన్ని ప్రశ్నార్థకాలుగా మార్చిన ఘనత నాదే.

పగలు ఒక ట్రేడింగ్ కంపెనీలో లెక్కలు చూడటం నా ఉద్యోగం. సైటు పని సెలవు రోజుల్లో చేసేది. మన సంఘాల సైట్లు చాలావరకు ఇలాగే నడుస్తాయి కాబట్టి, నాకు జరిగింది మీకూ జరగవచ్చు. ఈ కథ రాయడం అందుకే.

మాకు రెండు సైట్లు ఉండేవి. మొదటిది వికీ. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌నే ఉచితంగా దించుకుని, పదిహేనేళ్ల కిందట రోలాలో బెడ్‌స్పేస్‌లో ఉండే నలుగురు బ్యాచిలర్లు మొదలుపెట్టారు. వీసా, జీతం బకాయి, ఆమ్నెస్టీ, మరణం... ఎవరికి ఏ అనుభవం ఎదురైతే వారే వచ్చి దిద్దేవారు. రెండోది వర్డ్‌ప్రెస్‌లో పిల్లల తెలుగు పాఠాల సైటు. హోస్టింగ్ కంపెనీ నుంచి ఒకరోజు మెయిల్ వచ్చింది: మీరు వాడుతున్న పీహెచ్‌పీ 7.4కు 2022 నవంబరుతోనే కాలం చెల్లింది, పాత సర్వర్ తీసేస్తున్నాం, కొత్తదానికి మారండి అని. రెంటినీ కలిపి ఒకే వర్డ్‌ప్రెస్‌లో పెడితే పోతుంది కదా అనుకున్నాను. గురువారం రాత్రి కూర్చుని తెల్లారేసరికి ముగించాను. హోమ్ పేజీ బాగుంది, మెనూలు తెరుచుకుంటున్నాయి, ఇంగ్లిష్ పేజీలన్నీ చక్కగా ఉన్నాయి. ఇంకేం, పాత సర్వర్ అద్దె దండగని ఆ నెలాఖరుకే రద్దు చేశాను. తెలుగు పేజీ ఒక్కటి కూడా లోపలికి వెళ్లి చదవలేదు.

ఫోన్ పెట్టేశాక తెరిచి చూస్తే వికీ పేజీలన్నీ ప్రశ్నార్థకాలు. పిల్లల పాఠాల్లో మాత్రం వేరే తమాషా: ఇంగ్లిష్ ఎ అక్షరం మీద చిన్న వాలుగీత, పక్కన డిగ్రీ గుర్తు, కొన్నిచోట్ల ప్లస్-మైనస్ గుర్తు, మళ్లీ అదే వరుస. చూడటానికి రెండూ చెత్తే. కానీ ఒకటి బతికే చెత్త, రెండోది చచ్చిన చెత్త. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

బతికిన చెత్త, చచ్చిన చెత్త

యూనికోడ్‌లో తెలుగుకు సొంత వాడ ఉంది. వెబ్‌లో అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తును మూడు బైట్లుగా దాస్తారు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక్కటి చాలు, అందుకే వలసలో ఇంగ్లిష్‌కు ఏ హానీ జరగదు. మన మూడు బైట్లను లాటిన్-1 అనే పాత ఐరోపా పద్ధతిలో చదివితే, మొదటి బైటు ఎప్పుడూ ఆ వాలుగీత ఎ గానే, రెండోది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్‌గానో కనిపిస్తుంది. అంటే ఆ వరుస కనబడితే సంతోషించాలి. బైట్లు క్షేమం, చదివే కళ్లజోడే తప్పు. డేటాబేసు నకలు తీసేటప్పుడు లాటిన్-1 అనే చెప్పి బైట్లను కదపకుండా దించి, ఆ ఫైలులో పేరు మార్చి, యూటీఎఫ్8-ఎంబీ4గా కొత్తచోట ఎక్కిస్తే అక్షరాలు లేచి కూర్చుంటాయి. పాఠాల సైటు ఒక పూటలో బాగైంది. ఇక్కడ ఒకటే జాగ్రత్త: ఆ చెత్తను తెరపై చూస్తూ ఎవరైనా 'ఎడిట్' నొక్కి సేవ్ చేశారంటే ఆ పేజీకి మరో పొర చుట్టుకుంటుంది. అందుకే ముందు అందరి ఎడిట్ హక్కులూ ఆపాలి.

ప్రశ్నార్థకం సంగతి వేరు. నా బదిలీ స్క్రిప్టు పాత డేటాబేసుతో లాటిన్-1లో మాట్లాడింది. లాటిన్-1లో 'త' లేదు. లేని అక్షరం అడిగితే డేటాబేసు దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చేసింది. నేను దాన్నే కొత్తచోట భద్రంగా దాచాను. 'తెలుగు' అన్న మాటకు ఆరు ప్రశ్నార్థకాలు వస్తాయి. మూడు హల్లులు, ఒక ఎత్వం, రెండు కొమ్ములు. ఆ లెక్కన మాట ఎంత పొడవో తెలుస్తుంది గానీ ఏ మాటో తెలియదు. ఆ రాత్రి పిచ్చివాడిలా లెక్కపెట్టాను కూడా. ఏ టూలూ, ఏ నిపుణుడూ దాన్ని వెనక్కి తేలేరు. బ్యాకప్ ఒక్కటే దిక్కు.

మాటలో మాట. తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే కంగారు పడొద్దు. అది ఆ ఫోన్‌లో ఫాంటు లేకపోవడం, అంతే. అక్షరం భద్రంగా ఉన్నట్టే.

దొరికిన కాగితాలు

హోస్టింగ్ వారి బ్యాకప్ ఏడు రోజులదే. నాకు విషయం తెలిసింది మూడు వారాలకు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే కొన్ని పేజీలు దొరికాయి. లోతుగా ఉన్నవాటిని అది ఎప్పుడూ తాకినట్టు లేదు.

తర్వాత వికీ మొదలుపెట్టిన నలుగురిలో ఒకాయనకు ఫోన్ చేశాను. ఇప్పుడు కెనడాలో ఉన్నారు. సైటు పాస్‌వర్డు ఏళ్ల తరబడి ఆయనొక్కడి దగ్గరే ఉండేది, దాని మీద మాకు గొడవలూ అయ్యాయి. ఆయన నవ్వి, పాత ల్యాప్‌టాప్ వెతికి, ఇక్కణ్నుంచి వెళ్లేముందు తీసిన ఎక్స్‌ఎమ్ఎల్ ఫైలు పంపారు. మీడియావికీలో 'ప్రత్యేక పేజీలు'లో ఎగుమతి అని ఒకటి ఉంటుంది. కావాల్సిన పేజీల పేర్లు ఇస్తే వాటి పాఠం, దిద్దుబాట్ల చరిత్ర, తేదీలు ఒకే ఫైలులో వస్తాయి. మామూలు పాఠ్యం కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచినా తెలుగు కనిపిస్తుంది. నేను స్క్రిప్టు పోకడకు పోకుండా ఆ బటన్ నొక్కి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. అయితే అందులో బొమ్మలు రావు, వాటి పేర్లే వస్తాయి. ఏ ఫారం ఎలా నింపాలో చూపే ఫొటోలు అలా పోయాయి.

వర్డ్‌ప్రెస్ ఎగుమతి ఫైలుదీ ఇదే కథ. ఫొటోల చిరునామాలు ఉంటాయి, ఫొటోలుండవు. కొత్త సైటు వాటిని పాత సైటు నుంచే లాక్కుంటుంది. పాతది ముందే మూసేస్తే లాక్కోవడానికి ఏమీ ఉండదు. అప్‌లోడ్స్ ఫోల్డరును విడిగా దించుకోవాలి.

కెనడా ఫైలు పాతది. ఆ తర్వాతి మార్పులు అందులో లేవు. మరణం పేజీ తాజా రూపం చివరికి రోలాలోనే దొరికింది. పార్కు దగ్గరి సందులో ఒక టైపింగ్ సెంటర్‌లో పనిచేసే మలయాళీ చేటన్, మన వాళ్లు తరచూ వస్తుంటారని ఆ పేజీని ప్రింటు తీసి, లామినేషన్ చేయించి కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నారు. ఆయనకు తెలుగు రాదు. ఎవరైనా ఏడుస్తూ వస్తే దాన్ని వేలితో చూపిస్తారట. ఫొటో తీసుకుని ఇంటికొచ్చి మా ఆవిడా నేనూ అక్షరం అక్షరం టైపు చేశాం.

రోలా అంటే ఇక్కడివారి మాటలో మర్రి. ఒకప్పుడు ఈ కూడలిలో ఉన్న పెద్ద మర్రిచెట్టు 1970ల చివర్లో పోయింది. పార్కులో దాని గుర్తుగా కట్టడం ఉంది, పేరు మిగిలింది. లామినేట్ చేసిన కాగితాన్ని పట్టుకుని ఆ కట్టడం పక్కన కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చింది.

తిరిగొచ్చిన పేజీలు నిజమేనా?

ఇక్కడ ఇంకో తప్పు చేయబోయాను. కెనడా ఫైలులోని పేజీలను ఒక్కొక్కటిగా కాపీ చేసి కొత్త సైటులో అతికిస్తూ పోయాను. ప్రతి పేజీ మీదా ఆ రోజు తేదీ పడింది. అందులో 2018 ఆమ్నెస్టీ పేజీ కూడా ఉంది. ఆగస్టులో మొదలై డిసెంబరుతో ముగిసిన ఆ అవకాశం, నా సైటులో నిన్న ప్రకటించినట్టు కనిపించింది. తర్వాత 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఇంకోటి నడిచింది, దాని వివరాలు వేరు. వీసా గడువు దాటి దాక్కుని తిరిగే మనిషి ఇలాంటి పేజీని నమ్మి కార్యాలయం మెట్లెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా సభ్యురాలు ఒకావిడ చూసి తిట్టారు కాబట్టి బయటపడ్డాం. వికీ దిగుమతి బటన్‌తో తెస్తే పాత తేదీలు పాతవిగానే వస్తాయి. అతికిస్తే రావు.

అలా ఒక్కో పేజీ చదువుతుంటే ఎన్ని పాతబడ్డాయో తెలిసింది. శుక్ర, శనివారాలు కార్యాలయాలకు సెలవని రాసి ఉంది. 2022 జనవరి నుంచి దేశంలో వారాంతం శని, ఆదివారాలకు మారింది. మన షార్జాలో శుక్రవారం కూడా కలిపి మూడు రోజులు. పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ చూసుకోండని ఒక పేజీ చెబుతోంది. స్టిక్కర్ అదే ఏడాది ఆగిపోయింది, ఎమిరేట్స్ ఐడీయే ఆధారం. కాబట్టి ప్రతి పేజీ నెత్తిన 'చివరిసారి సరిచూసింది ఎవరు, ఎప్పుడు' అన్న వరుస పెట్టాం. సరిచూడనివాటికి 'పాత పేజీ' అని ఎర్ర పట్టీ.

తెలుగు వెబ్‌కు ఈ ఇల్లు మారే కష్టం కొత్తది కాదు. యూనికోడ్ పాతుకోకముందు ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే అంతా గజిబిజి. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో పునాది వేసిన వెన్న నాగార్జున గారే, అలాంటి ఫాంటుల్లోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పరికరాన్నీ తయారుచేశారు. సొంత సైట్లు కట్టుకున్నవారికి 2009 అక్టోబరులో జియోసిటీస్ మూత ఒక దెబ్బ. టీచర్లు ఇష్టపడిన వికీస్పేసెస్ 2018లో ఉచిత వికీలను మూసేసింది. గడువులోగా నకలు తీసుకున్నవారికే మిగిలింది.

తెలుగుకే ప్రత్యేకమైన చిన్న చిక్కులు ఇంకా ఉన్నాయి. 'పాస్‌పోర్టు'లో స కింద ప వత్తు రాకుండా ఆపేది కంటికి కనిపించని ఒక గుర్తు. కొన్ని బదిలీ స్క్రిప్టులు అనవసరమని దాన్ని ఊడ్చేస్తాయి. అప్పుడు 'పాస్పోర్టు' అవుతుంది. చదవడానికి ఫర్వాలేదు, కానీ ఒకలా వెతికితే ఇంకోలా రాసినది దొరకదు. పేజీ చిరునామాల్లో ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలుగా సాగుతుంది. వర్డ్‌ప్రెస్ చిరునామాకు ఇచ్చే చోటు రెండు వందలు. ఇరవై రెండు గుర్తులు దాటితే తోక తెగుతుంది, వాట్సాప్‌లో తిరిగే పాత లింకులు చస్తాయి. మేమిప్పుడు చిరునామాలు పొట్టిగా ఇంగ్లిష్‌లో పెట్టి, పాతవాటిని వాటికి మళ్లించాం.

ఇప్పుడు ఏది మార్చినా పది తెలుగు పేజీలు మొత్తం చదివాకే ఒప్పుకుంటాం. పాత సర్వర్‌కు మూడు నెలల అద్దె అదనంగా కడతాం. నాలుగు షవర్మాల ఖర్చు. పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉంది, డొమైన్ సంఘం మెయిల్ మీదకు మారింది.

ఆ నిజామాబాద్ తమ్ముడి స్నేహితుడు పది రోజులకు ఊరు చేరారు. నెల తర్వాత ఒక ఆదివారం ఆయన రోలా వచ్చి, ఏ కౌంటర్‌లో ఏ కాగితం అడిగారో, ఎక్కడ రెండుసార్లు తిప్పారో నా పక్కన కూర్చుని చెబుతుంటే పేజీలో చేర్చాను. మొన్న మళ్లీ ఫోన్ చేశారు.

"అన్నా, గా పేజీల మరణ ధ్రువపత్రం కాడ ఒక అక్షరం పోయింది, జూస్కో."

వెళ్లి చూశాను. నిజమే, పోయింది.