జాబితాలో ఒక్క పేరే ఉంటే

మా అక్క చెన్నైలో ఒక ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ పని చూస్తుంది. పోయిన ఏడాది ఒక ఆదివారం రాత్రి అన్నం తింటూ ఉంటే ఫోను వచ్చింది. ఎంగిలి చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నది మళ్లీ ఒంటిగంటకు గానీ లేవలేదు. "తప్పు నాదేనే" అని ఒక్క మాట అంది. ఆ తప్పేమిటో అర్థం చేసుకోవడానికి నాకు వారం పట్టింది. తెలుగులో చెప్పుకుంటే కష్టమేమీ కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ఐబీఎం 1974లో ఎస్‌ఎన్‌ఏ అనే నెట్‌వర్క్ పద్ధతి తెచ్చింది. అందులో పెద్ద కంప్యూటరే పెత్తనమంతా చేసేది. 1980లలో వచ్చిన ఏపీపీఎన్ ఆ పెత్తనాన్ని పంచింది. ఇందులో ముఖ్యంగా రెండు రకాల నోడ్‌లు. నెట్‌వర్క్ నోడ్‌కు దారులన్నీ తెలుసు. ఎవరెక్కడున్నారో వెతికి, ఏ దారిన వెళ్లాలో చెబుతుంది. ఎండ్ నోడ్‌కు తన సంగతి, తన పక్కవాళ్ల సంగతి తప్ప తెలియదు. కాబట్టి అది ఒక నెట్‌వర్క్ నోడ్‌ను తన సర్వర్‌గా పెట్టుకుంటుంది. తన దగ్గరున్న అప్లికేషన్ల పేర్లు అక్కడ నమోదు చేయిస్తుంది, కొత్తగా ఎవరితోనైనా మాట్లాడాలంటే దాన్నే అడుగుతుంది.

మన కాలేజీలాగే అనుకోండి. మనం మేడమ్‌లందరితో మాట్లాడతాం. కానీ లీవ్ లెటర్ మీద సంతకం మాత్రం క్లాస్ ఇన్‌చార్జి మేడమే పెట్టాలి. ఎండ్ నోడ్‌కు కూడా ఎన్ని నెట్‌వర్క్ నోడ్‌లతోనైనా లింకులు ఉండొచ్చు, సర్వర్ మాత్రం ఒకసారికి ఒక్కటే.

మరి ఆ ఒక్కటి ఏదో ఎవరు తేల్చాలి? మనం ఏమీ చెప్పకపోతే, మెయిన్‌ఫ్రేమ్‌లో నెట్‌వర్క్ నడిపే వీటామ్ అనే సాఫ్ట్‌వేర్, లింకు ఉన్న నెట్‌వర్క్ నోడ్‌లలో ఒప్పుకున్నదాన్ని పట్టుకుంటుంది. అది టెస్టింగ్ కోసం పెట్టిన చిన్న మెషీన్ కూడా కావచ్చు! అలా జరగకుండా వీటామ్‌కు ఒక సర్వర్ల జాబితా రాసి ఇస్తారు. అందులో మనకు కావలసిన నోడ్‌ల పేర్లు వరుసగా ఉంటాయి. సర్వర్ పోతే మళ్లీ మొదటి పేరు నుంచి వెతకాలా, పోయినదాని తర్వాతి పేరు నుంచి వెతకాలా అన్నది కూడా చెప్పొచ్చు. చివర్లో పేరు లేని లైను ఒకటి పెట్టొచ్చు. "వీళ్లెవరూ లేకపోతే ఎవరైనా ఫరవాలేదు" అని దాని అర్థం.

అంతకుముందు ఒకసారి వాళ్ల ఎండ్ నోడ్ టెస్ట్ మెషీన్‌ను సర్వర్‌గా పట్టుకుందట. మళ్లీ అలా కాకూడదని అక్క జాబితాలో ఒక్క పేరే రాసింది. రెండో పేరు లేదు, పేరు లేని లైనూ లేదు. ఆ ఆదివారం ఆ ఒక్క నోడ్‌ను మెయింటెనెన్స్ కోసం ఆపారు. దాని మీదుగా పోని పాత సెషన్లు నడుస్తూనే ఉన్నాయి, అందుకే మొదట ఎవరికీ అనుమానం రాలేదు. కొత్తగా లాగిన్ అవబోయిన వాళ్లకు మాత్రం దారి దొరకలేదు. పక్కనే ఇంకో మంచి నెట్‌వర్క్ నోడ్ ఉంది, లింకూ ఉంది. కానీ జాబితాలో దాని పేరు లేదు కాబట్టి ఎండ్ నోడ్ దాన్ని అడగదు.

ఇప్పుడు ఆ జాబితాలో రెండు పేర్లున్నాయి. పేరు లేని లైను మాత్రం అక్క పెట్టలేదు, టెస్ట్ మెషీన్ భయం ఇంకా పోలేదు. "ఎవరు వద్దో ఆలోచించాను గానీ, కావలసినవాళ్లు లేనప్పుడు ఎవరో ఆలోచించలేదు" అంది. సోమవారం ఆ మాటే మేనేజర్‌కు రాసిచ్చింది, ఎవరి మీదా నెట్టకుండా.