పత్రికాస్వాతంత్ర్యము – దండభయము

పత్రికాస్వాతంత్ర్యమనగా ప్రభుత్వము పత్రికల జోలికి పోకుండుటయే యని సామాన్యముగా వ్యాఖ్యానించుచుందురు. ఈ వ్యాఖ్య అసత్యము కాదు, అసమగ్రము. మన రాజ్యాంగమున పత్రికలకు ప్రత్యేకాధికరణము లేదు. 19వ అధికరణమున పౌరునకు గల వాక్స్వాతంత్ర్యములోనే యది యిమిడియున్నదని 1950లో రొమేష్ థాపర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. 'క్రాస్ రోడ్స్' పత్రికపై మద్రాసు ప్రభుత్వము విధించిన నిషేధము దానితో తొలగినది. నిషేధించినది ప్రభుత్వపుటుత్తర్వు గనుక న్యాయస్థానము దానిని రద్దుచేయగలిగెను. నిషేధించినది కత్తియైనచో రద్దుచేయుట కేమి మిగులును?

ఈ ప్రశ్నకు హైదరాబాదు చరిత్రలోనే యుదాహరణము కలదు. షోయబుల్లాఖాన్ ఉర్దూ పాత్రికేయుడు. మందుముల నరసింగరావుగారి 'రయ్యత్' పత్రికలో పనిచేసి, అది నిలిచిపోయిన పిమ్మట బూర్గుల రామకృష్ణారావుగారి వంటివారి తోడ్పాటుతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' పత్రికను స్థాపించెను. ఇమ్రోజ్ అనగా 'నేడు'. సంస్థానము భారత యూనియనులో చేరవలెనని ఆ పత్రిక నిర్భయముగా వ్రాసెను. అదే కోరుచు ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో ప్రచురించెను. రజాకార్లు ముస్లిముల పక్షమున మాటాడుచున్నామని చెప్పుకొనుచున్న దినములవి. ఆ మాటను ముస్లిము సంపాదకుడే, ఉర్దూలోనే కాదనుట వారికి దుస్సహమైనది. తమకు వ్యతిరేకముగ వ్రాయు చేతులు తెగిపడునని వారి నాయకుడు కాశిం రజ్వీ బహిరంగసభలో హెచ్చరించెను. కొలది దినములకే, ఆగస్టు 21 అర్ధరాత్రి దాటిన పిమ్మట, కార్యాలయమునుండి ఇంటికి మరలుచున్న షోయబుల్లాపై దాడి జరిగెను. తుపాకితో కాల్చి, చేయి నరికిరి. తెల్లవారకమునుపే యాతడు మరణించెను. అప్పటికి వయస్సు 27 ఏండ్లు. చంపుటతో తృప్తిపడక చేతిని వేరుగా నరకుటలో హంతకుల యుద్దేశము స్పష్టము: ఆ వార్త తక్కిన లేఖకులకు చేరవలెను.

పిదప న్యాయము సంగతి. సెప్టెంబరులో పోలీసుచర్య ముగిసినది. రజ్వీ నిర్బంధితుడయ్యెను. 1953లో సుప్రీంకోర్టు స్థిరపరచిన శిక్ష బీబీనగరు దోపిడికి సంబంధించినది, షోయబుల్లా హత్యకు సంబంధించినది కాదు. 1957లో విడుదలయై రజ్వీ పాకిస్తానునకు వెడలిపోయెను.

ఇచట నొక పదవిచారము అవసరము. పాత్రికేయులపై జరుగు నేరములకు శిక్ష పడకపోవు స్థితిని అంతమొందించుటకై ఐక్యరాజ్యసమితి 2013లో నవంబరు 2ను ప్రత్యేకదినముగా ప్రకటించినది. 2006 నుండి తాము నమోదుచేసిన పాత్రికేయహత్యలలో 85 శాతము వరకు పరిష్కృతము కాలేదని యునెస్కో 2024లో తెలిపినది. ఆంగ్లమున 'ఇంప్యూనిటీ' యనబడు నీ స్థితికి తెలుగున స్థిరపడిన మాట లేదు. 'శిక్షారాహిత్యము' అనవచ్చును గాని అది ఫలితమును మాత్రమే చెప్పును. హత్యకు ముందే హంతకుని మనస్సున నుండు ధీమాను చెప్పదు. మాకు 'దండభయరాహిత్యము' మేలనిపించును. తిక్కనగారి శాంతిపర్వము చదివినవారికి దండము శిక్ష మాత్రమే కాదనియు, ప్రజారక్షణమునకై రాజు వహింపవలసిన ధర్మమనియు విదితమే. కొంచెము దీర్ఘసమాసమైనను, పాలకుని బాధ్యత యీ మాటలో దాగదు.

ఈ యర్థమునే మాల్టాదేశపు విచారణసంఘ మొకటి ఇటీవల వివరించినది. ప్రభుత్వములోని అవినీతిని వెల్లడించిన డాఫ్నే కరువానా గలీజియాను 2017 అక్టోబరు 16న కారులో బాంబు పెట్టి చంపిరి. బాంబు పెట్టిన సోదరు లిరువురు 2022లో నేరమంగీకరించగా ఒక్కొక్కరికి 40 ఏండ్ల కారాగారము పడెను. అంతకు ముందే, 2021లో, కుటుంబము పట్టుపట్టి సాధించిన బహిరంగవిచారణ ముగిసి నివేదిక వెలువడినది. హంతకు లెవరన్న ప్రశ్నను కోర్టులకు వదలి, హత్య సాధ్యపడు వాతావరణమును కల్పించిన దెవరని సంఘము విచారించెను. దండభయము లేని వాతావరణమును రాజ్యమే యేర్పరచినదనియు, ప్రమాదము తెలిసియు ఆమెను రక్షింపలేదనియు, కావున రాజ్యము బాధ్యత వహింపవలెననియు సంఘము తీర్మానించెను.