ఎండెన్ వెనుక నడచిన బొగ్గు ఓడ

1914వ సంవత్సరపు మహాయుద్ధమును గూర్చి పాఠము చెప్పునప్పుడు, ఎండెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణముపై గుండ్లు కురిపించిన కథ రాగానే మా తరగతి బాలురు నిటారుగ కూర్చుందురు. ఈ యేడు ఒక బాలుడు లేచి, “అయ్యా, నడిసముద్రములో దానికి బొగ్గు ఎవరిచ్చిరి?” అని యడిగెను. సముద్రమును కన్నులార చూడని మదీనాగూడ పిల్లవాని ప్రశ్న యది! పెద్దలలోనైనను పలువురికి తోచదు.

ఎండెన్‌కు పండ్రెండు బాయిలర్లు. అన్నియు బొగ్గుతో మండునవే. దానిలో పట్టు బొగ్గు సుమారు 860 టన్నులు. మితమైన వేగముతో పోయినను, అది 3,700 సముద్రపు మైళ్ళకు మించి రాదు. వేగము హెచ్చించినచో ఇంకను త్వరగా తఱుగును. హిందూ మహాసముద్రములో జర్మనులకు రేవు లేదు. తటస్థ దేశముల రేవులలోనో, 1907వ సంవత్సరపు హేగు ఒడంబడిక ప్రకారము, యుద్ధనౌక సామాన్యముగా ఒక్క దినమునకు మించి నిలువరాదు. కావున బొగ్గు వెంట రావలసినదే.

అట్లు వెంట వచ్చినది మార్కొమానియా. ఇది హాంబర్గు–అమెరికా కంపెనీవారి సరకుల స్టీమరు. సుమారు 4,500 టన్నులది. యుద్ధము రాగానే నౌకాదళము దానిని తన పనికి తీసికొనెను. 1914 ఆగస్టు 6వ తేదీన చీనాలోని సింగ్‌టావ్ రేవు విడిచి ఎండెన్‌తో కూడ బయలుదేరెను. పసిఫిక్కులోని పేగన్ దీవియొద్ద అడ్మిరలు ఫాన్ ష్పే, ఎండెన్ కప్తాను ఫాన్ ముల్లరును హిందూ మహాసముద్రమునకు పంపుచు, ఈ యొక్క బొగ్గు ఓడనే తోడిచ్చెను.

బొగ్గు మార్చుట యెట్టిదో చెప్పవలెను. రెండు ఓడలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టుదురు. నడుమ త్రాళ్ళచుట్టలు వ్రేలాడదీయుదురు. అల లేచినప్పుడెల్ల ఇనుము ఇనుమును రాచును. నావికులు సంచులకెత్తి, మోసి, బొగ్గుకొట్లలో కుమ్మరింతురు. ఆ యెండలో, ఆ ధూళిలో, గంటలకొలది! తుపాకి పేల్చిన దినమొకటియైన, బొగ్గు మోసిన దినములు పెక్కు. కథలు చెప్పువారు ఈ దినములను దాటవేయుదురు.

సెప్టెంబరు 10వ తేదీ మొదలు బంగాళాఖాతములో, కొలంబో–కలకత్తా మార్గమున, ఎండెన్ ఓడలను వరుసగా పట్టెను. మొదట చిక్కిన గ్రీకు ఓడ పొంటోపొరోస్‌లో నిండ బొగ్గే. కాని అది హిందూదేశపు బొగ్గు. నల్లని పొగ విడచును. దాగి తిరుగు ఓడకు పొగయే శత్రువు గదా!

22వ తేదీ రాత్రి చెన్నపట్టణముపై దాదాపు 130 గుండ్లు పడినవి, బర్మా ఆయిలు కంపెనీవారి చమురు తొట్లు అంటుకొనినవి, మరణములును గలిగినవి. ఆంధ్రులకును అప్పటికి రాజధాని అదియే. పట్టణమును విడిచి పారిపోయినవా రనేకులు. గట్టివానిని “ఎమడన్” అనుట తమిళమున నాటినుండియే వచ్చినది. ఆ రాత్రి మార్కొమానియాను దూరముగ నుంచి ఎండెన్ ఒంటరిగ వచ్చెను. దాని బొగ్గు లేకున్న ఆ రాత్రియే లేదు. దాని పేరు మాత్ర మెవరి నోటను లేదు.

ఇంకొక చిత్రము. ఎండెన్‌కు మూడే పొగగొట్టములు. ఆంగ్లేయుల ‘యార్మత్’ వంటి ఓడవలె కనబడుటకై జర్మనులు నాలుగవదానిని గుడ్డతోడను కొయ్యతోడను కల్పించి నిలిపిరి. సెప్టెంబరు కడపట మార్కొమానియా తన బొగ్గును చాలవఱకు ఇచ్చివేసి, పొంటోపొరోస్‌నుండి తెచ్చుకొనుటకై సుమత్రా వైపు పోయెను. అక్టోబరు 12వ తేదీన అచ్చటికి నాలుగు గొట్టముల ఓడ యొకటి వచ్చెను. ఇది నిజమైన యార్మత్. మార్కొమానియా మునిగెను, పొంటోపొరోస్ తిరిగి ఆంగ్లేయుల వశమయ్యెను.

అప్పటికే ఎండెన్, తాను పట్టిన బ్యూరెస్క్ అను ఆంగ్ల నౌకలోని మేలైన వేల్సు బొగ్గుతో సాగుచుండెను. నవంబరు 9వ తేదీన కోకోస్ దీవులయొద్ద ఆస్ట్రేలియావారి సిడ్నీ చేత అది నాశనమగు దినమున, బ్యూరెస్క్‌ను కూడ అందున్న జర్మనులే నీట ముంచిరి.